సాఫ్ కోత

మా మేనమామ కొమ్మ కోశాక, కోసిన చోట అరచేత్తో నిమిరి చూసుకునేవాడు. చేతికి ఏదీ తగలకూడదు. కాస్త ఎత్తు తగిలినా మళ్లీ రంపం పెట్టేవాడు. అక్కడ ఒకప్పుడు కొమ్మ ఉండేదని ఎవరైనా చెబితే తప్ప తెలియకూడదన్నది ఆయన లెక్క. దాన్ని మేం సాఫ్ కోత అనేవాళ్లం. కొల్లాపూర్ చుట్టుపక్కల మామిడి తోటలున్నవాళ్లు, కాయ దిగి మొదటి వానలు పడగానే, ఎండుకొమ్మలూ అడ్డకొమ్మలూ తీయించడానికి మామకే కబురు పెట్టేవాళ్లు. పదో తరగతి తప్పి ఆయన వెనక తాడు మోయడం మొదలుపెట్టిన నేను, ముప్పై ఏళ్లు వచ్చేసరికి ఆయనంత సాఫ్‌గా కోస్తానని మురిసిపోయేవాణ్ణి. నిజం చెప్పాలంటే పొగరు కూడా ఉండేది. వేరేవాళ్లు కోసి వదిలిన మోళ్లు కనబడితే దారిలో ఆగి మరీ నవ్వేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటి అప్పటికి కొన్నేళ్లయింది. చెట్లు కోసేవాళ్లకు వనపర్తిలో మూడు రోజుల శిక్షణ పెడుతున్నారనీ, చివర సర్టిఫికెట్ ఇస్తారనీ తెలిసింది. నాకు ఒళ్లు మండింది.

"చెట్టెక్కుడు గూడ మనకు బడిల నేర్పుతరా?" అన్నాను.

మామ మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయలుదేరాడు. ఆయనకు అరవై దగ్గరపడుతున్నాయి. బడి గడప తొక్కినవాడు కాదు. అందుకే బడి అంటే భయమూ భక్తీ రెండూ ఉండేవి.

"సర్టిఫికెట్ ఇస్తరంట గద అల్లుడా. గోడకు పెట్టుకుంట" అన్నాడు.

నేర్పడానికి వచ్చిన మేడమ్‌కు ముప్పై కూడా ఉండవు. ప్యాంటు చొక్కా వేసుకుని, జడను టోపీలోకి దోపుకున్నారు. ఈమె మాకు ఏం చెబుతుందిలే అని నేను వెనక బెంచీలో కాళ్లు చాపి కూర్చున్నాను. ఆ సాయంత్రం ఆవరణలో ఉన్న చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లి, సన్నతాడుకు ఇసుక సంచి కట్టి, మేం మెడలు వెనక్కి వంచి చూసే కొమ్మ మీంచి ఒక్క విసురులో దాటించారు. ఆ వెనకే పెద్దతాడు లాగి, దాని మీద ఉయ్యాలలో కూర్చున్నట్టు కూర్చుని, మానుకు ఒక్క గీత పడకుండా పైకి వెళ్లిపోయారు. మేం గోళ్లూ మోకాళ్లూ చెక్కుకుపోయేలా పాకి ఎక్కేవాళ్లం. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. ఆ తర్వాత ముందు బెంచీకి మారాను.

రెండో రోజు ఆమె ఒక మామిడి దుంగ తెచ్చారు. నిలువునా చీల్చి, గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసిన దుంగ అది. చేతికి భూతద్దం ఇచ్చి చూడమన్నారు. ఎప్పుడో ఎవరో కొమ్మ కోసిన చోటు అందులో కనిపిస్తోంది. ఆ కొమ్మ పైపైన అతికినట్టు ఉంటుందని నేను అనుకునేవాణ్ణి. కాదు, గోడలో మేకు దిగినట్టు మాను నడిమధ్య దాకా పోయింది. కోసిన దగ్గర మొదలైన నల్లటి కుళ్లు కొంత దూరం లోపలికి వచ్చి ఒక ముదురు గీత దగ్గర ఆగిపోయింది. గీతకు అవతల కట్టె అంతా తెల్లగా, నిన్న మొన్నటిదిలా ఉంది. గాయం మీద రెండు పక్కల నుంచీ కొత్త కట్టె పొరలు పొరలుగా వచ్చి కలుసుకుంది.

"చెట్టుకు గాయం మనకు మానినట్టు మానదు" అన్నారు మేడమ్. "చెడిన భాగాన్ని లోపలే మూసేసి, దాని మీద కొత్త కట్టె పెంచుకుంటుంది. ఎన్నేళ్ల కిందటి దెబ్బయినా లోపల అలాగే ఉంటుంది."

 అన్నేళ్లు చెట్ల మీదే బతికాను. అక్కడే తిన్నాను, అలసిపోతే కొమ్మల సందున కునుకు తీశాను. నా కిందే, ఆ చప్పుడు లేని కట్టెలో, ఇంత పని జరుగుతోందని ఒక్కనాడూ తట్టలేదు. ఆ గీతను వేలితో ఎన్నిసార్లు తడిమానో. ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడకుండా, ఆ చెట్టు ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుకుంది.

ఆ గీత ఎలా పుడుతుందో కూడా చెప్పారు. కొమ్మ మొదట్లో, మానుకు అంటిన చోట, చుట్టూ ఉబ్బెత్తుగా ఒక వలయం ఉంటుంది. గాయాన్ని మూసే బలమంతా అందులోనే ఉంటుందట. దాన్ని కాలర్ అంటారన్నారు. గది మొత్తం గొల్లుమంది.

"చెట్టుకు కాలరేంది మేడమ్, చొక్కా తొడిగిన్రా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

మామ నవ్వలేదు. దుంగ మీదికి వంగి, "కాలర్ గాదు. గిది కడియం. చేతికి ఉన్నట్టు లేదా?" అన్నాడు.

"కడియమంటే నాకు మొక్కలమ్మే ఊరే తెలుసు" అని మేడమ్ నవ్వి, బోర్డు మీద కాలర్ అన్న మాట చెరిపి కడియం అని రాశారు. మామ ముఖం వెలిగిపోయింది. ఆయన మాట బోర్డు మీదికి ఎక్కడం అదే మొదటిసారి.

ఆ వెలుగు గంటసేపు కూడా నిలవలేదు. ఆమె రెండో దుంగ బల్ల మీద పెట్టారు. అందులో గీత లేదు. కుళ్లు గాయం దగ్గర మొదలై, పైకీ కిందికీ మాను పొడుగునా పాకిపోయింది.

"ఇది మానుకు ఆనించి, కడియం కూడా పోయేలా నున్నగా కోసిన కొమ్మ" అన్నారు.

మాలో చాలామంది కోసేది అలాగే. మామ లేచి నిలబడ్డాడు.

"తప్పు మేడమ్. సాఫ్ కోత నేను కోసినంత మా దిక్కు ఎవ్వరు కొయ్యరు. పన్నెండేండ్ల కింద కోసిన చెట్టు చూపిస్త రాండ్రి. ఇప్పటికి గూడ విరగ్గాస్తుంది" అన్నాడు.

అలా మూడో రోజు అందరం కొల్లాపూర్ వచ్చాం. మామ చెప్పిన చెట్టున్న తోట ఒక ముసలి ముస్లిం పెద్దమనిషిది. అందరూ సాబ్ అనే పిలుస్తారు. ఆయన మామను ఉస్తాద్ అనేవారు. తోటకు ఎవరొచ్చినా ఆ బేనిషాన్ మామిడి చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, ఇది మా ఉస్తాద్ కోత అని చూపించేవారు. ఆ రోజు ఆయన పెళ్లికని మహబూబ్‌నగర్ వెళ్లారు. చెట్టు పక్కన రేకుల షెడ్డు ఉంది. కాయ దిగే రోజుల్లో పదిహేను మంది ఆడవాళ్లు దాని కింద కూర్చుని కాయలు ఏరి గంపలకెత్తుతారు. షెడ్డుకు తగులుతోందనే పన్నెండేళ్ల కింద కింది కొమ్మ తీయించారు. అప్పుడు కింద తాడు పట్టుకున్నది నేనే. దానికి పైన ఇంకా పెద్ద కొమ్మ ఒకటి షెడ్డు మీదికి వంగి ఉంది.

మేడమ్ ఒక చెక్క సుత్తితో మాను మీద కొట్టుకుంటూ వచ్చారు. గట్టి చప్పుడు. కోత దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మారింది. ఆమె సుత్తి మామ చేతికిచ్చారు. మామ కొట్టి విన్నాడు. చెవి ఆనించి మళ్లీ కొట్టాడు. పక్కన కొట్టాడు, పైన కొట్టాడు, మళ్లీ అక్కడే కొట్టాడు. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు లోపలంతా డొల్ల. ఆయన సుత్తి కింద పెట్టి, కోసిన చోట అరచేత్తో నిమిరాడు.

"చెట్టును నరికేయాల్సిన పని లేదు" అని మేడమ్ మెల్లగా చెప్పారు. "పూత రాకముందే షెడ్డు వైపు పెద్ద కొమ్మ తీసి బరువు తగ్గిస్తే చాలా ఏళ్లు నిలుస్తుంది. వదిలేస్తే మాత్రం గాలికో, కాయ బరువుకో షెడ్డు మీద పడుతుంది."

సర్టిఫికెట్లు పంచారు. మామ తనది మడిచి జేబులో పెట్టుకున్నాడు. దాన్ని గోడకు పెట్టనే లేదు. వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఒక పొద్దున నన్ను పిలిచి, "సాబ్‌కు చెప్పాలె" అన్నాడు.

"చెప్పు. చెదలు తిన్నయను, లోపల పుచ్చిందను. షెడ్డు మీద పడుతదని చెప్తే చాలు" అన్నాను.

"నా చేత్తోని చెడిందని చెప్పాలె గద."

నాకు కోపం తన్నుకొచ్చింది. "నెత్తి పని చేస్తుందా మామా నీకు? నీ నోటితోని నువ్వే చెప్పుకుంటే రేపు మనల్ని ఎవడు పిలుస్తడు?"

"ఎందుకు చెడిందో చెప్పకుంటే మిగిలిన చెట్లు గూడ గట్లనే సాఫ్‌గ కొయ్యుమంటరు. నేను గాకుంటే ఇంకొకడు కోస్తడు" అన్నాడు.  జవాబు లేనప్పుడు నేను అరుస్తాను. ఆ రోజు బాగా అరిచాను. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. తిట్టుకుంటూ నేనూ వెంట నడిచాను.

సాబ్ అంతా విన్నారు. చెట్టు దగ్గరికి నడిచి ఆ కోతను తడిమి చూశారు.

"పన్నెండేండ్ల నుంచి అందరికి చూపిస్తున్న నేను" అన్నారు చివరికి. "ఇగ నా తోటల నువ్వు రంపం పట్టొద్దు."

మామను ఈసారి ఉస్తాద్ అని పిలవలేదు. మామ తలూపి బయటికి వచ్చాడు. నేను భయపడ్డట్టే అయింది. మాట పాకింది. ఇంకో రెండు తోటల వాళ్లు కూడా కబురు పెట్టడం మానేశారు. ఇంట్లో అత్త రోజూ నన్నే తిట్టేది, ఆపలేకపోయావని.

మరుసటి నెల నాగర్‌కర్నూల్‌లో అదే శిక్షణ మళ్లీ పెట్టారు. మామ ఒక్కడే బస్సెక్కి వెళ్లాడు. ఒకసారి సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లను కూర్చోనివ్వమన్నారట. నేను రెండో రోజు ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లాను. ఆ గది కిటికీ బయట, సన్నని వానలో, తువ్వాల నెత్తిన కప్పుకుని నిలబడి వింటున్నాడు. మేడమ్ లోపల బోర్డు మీద గీస్తున్నారు. ఈయన ఇటు గోడ మీద వేలితో అదే గీస్తున్నాడు.

"ఇంటికి పోదాం దా" అన్నాను.

"జర ఆగు. పోయినసారి మూడో రోజు చెప్పింది నాకేం వినపడలే అల్లుడా. ఆ డొల్ల చప్పుడే చెవుల ఉండె" అన్నాడు.

చదువు కోసం అలా నిలబడిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. కాసేపటికి మేడమ్ ఆయన్ను గమనించి, బయటికి వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. నేను వరండాలో నిలబడిపోయాను. ఆయన మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

దసరా దాటాక, సాబ్ ఆ పెద్ద కొమ్మ తీయించడానికి గద్వాల వైపు నుంచి ఇద్దరిని పిలిపించారని తెలిసింది. కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టేవాళ్లు. సగం కన్నడం కలిపి మాట్లాడతారు. మామ పొద్దున్నే వెళ్లి తోట కంచె బయట నిలబడ్డాడు. ఏం గొడవ అవుతుందోనని నేనూ వెళ్లాను. వాళ్లలో ఒకడు పైకి ఎక్కి, రంపాన్ని సరిగ్గా మానుకు ఆనించి పెట్టాడు.

"ఆగు! గట్ల గాదు!" మామ కంచె మీదికి వాలి అరిచాడు. "కడియం పోతది! ముందుగాల కింద నుంచి ఒక కోత పెట్టు, లేకుంటే బెరడు చీలిపోతది!"

పైనున్నవాడికి ఏమీ అర్థం కాలేదు. సాబ్ షెడ్డులోంచి బయటికి వచ్చారు.

"ఏందిది? ఎందుకొచ్చినవ్?" అన్నారు.

"సాబ్, నేను చేసిన తప్పే వాళ్లు చేస్తుండ్రు" అన్నాడు మామ.  "నన్ను రానియ్యకున్నా మంచిదే. వాళ్లను ఆపుండ్రి. ఇగ ఇంకో దెబ్బ తట్టుకోదు ఆ చెట్టు."

సాబ్ ఆయన్ను చూశారు. చెట్టును చూశారు. తర్వాత నడిచి వచ్చి తడిక తీశారు.

"లోపలికొచ్చి చెప్పు" అన్నారు.

గద్వాల మనిషి దిగాడు. రంపం మామ చేతికివ్వబోయాడు. మామ చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"సాబ్ నన్ను పట్టొద్దన్నరు. నువ్వెక్కు అల్లుడా."

నేను ఎక్కాను. అది ఎన్నో ఏళ్ల చెట్టు. బెరడు పగిలి, గడ్డలు కట్టి, ఏది కొమ్మో ఏది మానో తెలియకుండా ఉంది. కింద షెడ్డు రేకులు కనిపిస్తున్నాయి. రెండు వేళ్లు అటయినా ఇటయినా ఏమవుతుందో నాకిప్పుడు తెలుసు. జీవితంలో మొదటిసారి చెట్టు మీద భయం వేసింది.

"మామా, ఇక్కడ్నేనా?" అని అరిచాను.

ఆయన కింద నుంచి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఇటు నుంచి చూశాడు, అటు తిరిగి చూశాడు.

"నాకు తెల్వదు" అన్నాడు గట్టిగా. "నువ్వు దగ్గరున్నవ్. నువ్వే చూసి చెప్పు."

చెట్టు మీద నుంచి నేనేది అడిగినా తడుముకోకుండా జవాబిచ్చిన మనిషి, సాబ్ ముందు, ఆ ఇద్దరు కొత్తవాళ్ల ముందు, తెల్వదు అన్నాడు. నా కళ్లు మసకబారాయి. చొక్కా చేతితో తుడుచుకుని, బెరడుకు ముఖం ఆనించి వెతికాను. చాలాసేపు పట్టింది. కింద ఎవరూ తొందరపెట్టలేదు. గడ్డల మధ్య ఉబ్బెత్తు వలయం వేళ్లకు తగిలాక, "కడియం ఇక్కడుంది మామా, దీనికి ఇవతల కోస్త" అని చూసి చెప్పాను.