తాళం వేసిన గేటు ముందు హాజరు

మా పిన్నమ్మ పోయిందని మంగళవారం కార్డు వచ్చింది. "ప్రభువునందు నిద్రించినది" అని రాశారు. ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. పగటిపూట ఆమె కునుకు తీయగా చూసినవాళ్లు మా పేటలో ఒక్కరూ లేరు.

ఆమె మా అమ్మకు చెల్లెలు. గూడూరు దగ్గర అభ్రకం షెడ్డులో నన్ను పనికి పెట్టింది ఆమే. చిన్న కత్తితో పలకను పొరలు పొరలుగా విడదీయడం ఆమె పక్కన కూర్చునే నేర్చుకున్నాను. పొర చిరిగిందని నేను విసుక్కుంటే, "దాన్ని తిట్టబాకమ్మే, నీ చేతిని తిట్టుకో" అనేది. మెచ్చుకోవడం మాత్రం ఆమెకు చేతకాదు. బాగా చేస్తే ఏమీ అనేది కాదు, అంతే.

అరవైల్లో ఒక ఏడు, సరుకు కొనేవాళ్లు లేక షెడ్డు ఆగిపోయింది. గోడకు నోటీసు అంటించారు. ఆమెకు చదువు రాదు, నా చేత మూడుసార్లు చదివించుకుంది. పని లేని రోజులకు సగం కూలి ఇస్తారు, కానీ రోజూ పొద్దున్నే వచ్చి హాజరు మస్టర్‌లో పేరు వేయించుకోవాలి. రాని రోజుది రాదు. మా ఇరవైమంది ఆడవాళ్ల ఇళ్లలో ఆ సగం కూలితోనే పొయ్యి వెలగాలి.

అయినా మూడు మైళ్లు నడిచిపోయి ఊరికే కూర్చోవడం తలవంపుగా ఉండేది. పని చేయకుండా కూలి తీసుకుంటే ముష్టి ఎత్తినట్టే కదా! సిగ్గు చంపుకోలేక ఒకరోజు నేను షెడ్డు ముంగిలి ఊడ్చాను. మస్టర్ రాసే గుమాస్తా సంబరపడి, మర్నాటికి నాలుగు చీపుర్లు తెప్పించాడు. పిన్నమ్మ నా చేతిలోది లాగేసింది.

"పని చేయించుకుంటే నిండు కూలి ఇయ్యయ్యా. పని లేనందుకే గదా ఈ సగం? కూర్చోండే అందరూ!"

కూర్చున్నాం. ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఉండటం ఆమెకెంత కష్టమో పక్కనున్న నాకు తెలుసు.

గుమాస్తా అది మనసులో పెట్టుకున్నాడు. నవంబరు ముసురు పట్టగానే గేటుకు తాళం వేసి అయిదు రోజులు రాలేదు. ఆ అయిదు రోజులూ మేమే రాలేదని మస్టర్‌లో రాసుకున్నాడు. మేం అర్జీ పెట్టుకుంటే నెల్లూరు నుంచి లేబర్ ఆఫీసరు విచారణకు వచ్చి, "మీరు వచ్చినట్టు సాక్ష్యమేదమ్మా?" అన్నాడు. పిన్నమ్మ గేటు లోపల కాపలా ఉండే వాచ్‌మన్ వైపు చూసింది. అతనే ముందుకొచ్చాడు.

"వచ్చినారు సార్. అయిదు రోజులూ వానలో వచ్చినారు. ఆ యమ్మ పేరుపేరునా పిలస్తా ఉంటే నేను విన్నా."

మా కూలి మాకొచ్చింది. వాచ్‌మన్‌ను మాత్రం ఆ నెలలోనే తీసేశారు. పిన్నమ్మ బతికినంతకాలం క్రిస్మస్‌కు మొదటి వాయి అరిసెలు ఆయన ఇంటికే పంపింది.

ఆమెను తలుచుకుంటే నాకు ఆ ముసురులో మొదటిరోజే కళ్లముందుకొస్తుంది. నెత్తిన గోనెసంచులు కప్పుకుని, తడిసి ముద్దై గేటు ముందు నిలబడ్డాం. "రాసుకునేవాడే లేడు, ఇంటికి పోదాం పిన్నమ్మా" అన్నాను.

"వాడు రాకపోతే మనం రానట్టా?" అంది.

గేటు వైపు తిరిగి ఒక్కొక్కరి పేరూ గట్టిగా పిలిచింది. "ఉండా", "ఉండా" అంటూ పలికాం. అందరి పేర్లూ అయ్యాక పైట సర్దుకుని, తన పేరు తానే పిలిచింది. "ఉండా" అని తానే పలికింది.