దసరా నాటి తెల్ల చేతి తొడుగులు

మా ముత్తాత నిజాం కాలంలో కుండల్‌వాడి వైపు ఊళ్లకు దేశ్‌ముఖ్. గుర్రం దిగకుండానే పంచాయితీలు తీర్చేవాడు. మా తాత కలెక్టరు ముందు కూడా నడుం వంచలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. వంగి నమస్కరించాల్సినంత పెద్దవాళ్లు మా ఇంటికి రావడం మానేశాక కూడా మా నాన్న నిటారుగానే బతికాడు. ఆ వంశంలో నేను నాలుగో తరం. నాందేడులో అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఇంటి యజమానికి కూడా వంగను.

ఇది మా ఖాందాను లక్షణమనుకునేవాణ్ణి. కీళ్ల డాక్టరు నా ఎక్స్‌రే చూసి, ఇది వెన్నుపూసలు బిగుసుకుపోయే వాతమనీ, కొన్ని ఇళ్లలో తరతరాలుగా వస్తుందనీ చెప్పాడు.

"మీ వడీలులకు కూడా ఉండేదా?" అని అడిగాడు. తండ్రిని ఆయన మరాఠీలోనే అంటాడు.

"ఆయనకు ఉన్నది పరువు" అన్నాను. డాక్టరు అది రాసుకోలేదు.

రోగనిరోధక శక్తిని అణచే బయోలాజిక్ సూది మొదలుపెట్టాడు. కొన్ని నెలలకే నా చెప్పులు నేనే తొడుక్కోగలిగాను. అంతవరకు ఆ పని నా భార్య చేస్తుంటే చూసినవాళ్లు దొరతనమనుకున్నారు. నేనూ కాదనలేదు.

తర్వాత అరచేతుల నిండా చీము పొక్కులు లేచాయి. అవి ఎండి, చర్మం పొరలుగా ఊడి, పగుళ్లు పడ్డాయి.

"డాక్టర్‌కు చూపెట్టుండ్రి" అంది నా భార్య.

"దసరా కానియ్యి" అన్నాను.

చూపిస్తే ఇది సూది వల్లేనని దాన్ని ఆపేస్తాడు. ఆపితే నొప్పికి మంచం దిగలేను. దసరా సాయంత్రం మా సొంతూరి పొలిమేరలో జమ్మిపూజ అయ్యాక, బంగారమని చెప్పి మొదటి ఆకును మా ఇంటి మగవాడి అరచేతిలో పెడతారు. భూములు పోయాయి గానీ ఆ మర్యాద ఇంకా పోలేదు. దాన్ని అందుకోవాలంటే నిలబడాలి, చెయ్యి కూడా చాపాలి. అందుకని బజారుకు పోయి తెల్ల చేతి తొడుగులు కొన్నాను.

"అచ్చం బ్యాండోళ్ల లెక్కున్నరు. బాకా గూడ తెప్పియ్యాల్నా?" అంది నా భార్య.

పొలిమేరలో సర్పంచి ఆకు పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. రైతు ఇంటి కోడలు ఆమె. నా చేతులు చూసి ఆగిపోయింది.

"ఏంది దొరా, మా చెయ్యి తాకితే మైలనా? ఇంకా ఏ కాలంల ఉన్నరు మీరు?"

వెనక నుంచి ఎవడో, "ఎరువుల సేటుకు పెట్టక్కా, ఆయనకు తొడుగుల్లేవు" అన్నాడు. సేటు అప్పటికే చెయ్యి చాపాడు. చెయ్యి చాపడంలో ఆయనకు మంచి సాధన ఉంది.

తొడుగులు లాగేశాను. గుడ్డకు అంటుకున్న చర్మం కొంత దానితోనే వచ్చింది.

"అంటుకునేది కాదు. సూదిమందు వల్ల ఇట్లైంది" అన్నాను.

ఆమె తన అరచేతిని నా చేతి పక్కన పెట్టి చూసింది. ఆమెది పత్తి ఏరి ఏరి పగిలిన చెయ్యి. రెంటికీ పెద్ద తేడా లేదు.

"ఏదైతేంది దొరా. మీ ఖాందాన్ల పనిజేసినట్టు కనవడ్డ చెయ్యి గిదొక్కటే!"

ఊరంతా నవ్వింది. ఆమె ఆకును నా చేతిలోనే పెట్టింది. పగుళ్లలో భగ్గుమంది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పండుగ దాటాక డాక్టరుకు చూపించాను. వెన్నును బాగుచేసే మందే కొందరికి చర్మం మీద ఇలా తెస్తుందనీ, మొదటి పొక్కుకే రావాల్సిందనీ గట్టిగా కోప్పడ్డాడు. వంశ మర్యాద సంగతి చెప్పబోతే, చేతులు బల్ల మీద పెట్టమన్నాడు. పూసుకోవడానికి లేపనం రాసి, సూదిని మరో రకానికి మార్చాడు. అరచేతులు మెల్లగా మానుతున్నాయి. వెన్ను కూడా బాగానే ఉంది. కొత్త సూది పాతదానికంటే ఖరీదైనది. దాని కోసం ఊళ్లో మా పూర్వీకుల కోటలాంటి గడికి ఉన్న ప్రహరీ రాళ్లను అమ్మేశాం.