కోడి కోస్తే బైపీసీ

పదో తరగతి అయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలో నాకు తెలుసు. బైపీసీ తీసుకోవాలి, ఎంసెట్ రాయాలి, డాక్టర్ కావాలి. చిక్కేంటంటే, నేనేం తీసుకోవాలో మా ఇంట్లో మిగతా అందరికీ కూడా తెలుసు.

డాక్టర్ కావాలనుకోవడానికి గొప్ప కారణమేమీ లేదు. అడవి పక్కనున్న మా చర్లలో జనం నోరు మూసుకుని వినేది డాక్టర్ మాట ఒక్కటే. పోలీసుల మాట కూడా వినేవాళ్లు గానీ, ఆ ఉద్యోగానికి నా ఎత్తు చాలదు. చిన్నప్పటి నుంచీ నేను మాట్లాడటం మొదలుపెడితే జనం లేచిపోయేవాళ్లు. ఒక్కసారైనా కూర్చుని వినే జనం కావాలని నాకుండేది.

మాకు దగ్గర్లో ఉన్న కాలేజీలో బైపీసీ అయితే ఉంది, జువాలజీ చెప్పేవాళ్లే లేరు. జువాలజీ లేని బైపీసీతో ఎంసెట్‌కు పోవడమంటే మందుల్లేని దవాఖానాకు పోయి చీటీ రాయించుకు రావడమే. కాబట్టి ఖమ్మం పోవాలి. ఖమ్మంలో ఉండాలంటే మామ ఇంట్లో ఉండాలి. మామ ఇంట్లో ఉండాలంటే మామ ఒప్పుకోవాలి. నా చదువులో మా మామకు ఓటు అట్లా వచ్చింది.

మామ అంటే అమ్మకు తమ్ముడు. కరెంటు ఆఫీసులో గుమాస్తా. ఖమ్మం శివారు ఖానాపురం హవేలిలో ఇళ్లకంటే ఖాళీ జాగాలే ఎక్కువున్న రోజుల్లోనే అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. అందుకని తనకు ముందుచూపు ఉందని ఆయన నమ్మకం. నా ఫలితాలు వచ్చిన వారానికే చర్లలో బస్సు దిగాడు. కాళ్లు కడుక్కోకముందే మొదలుపెట్టాడు.

"కోడలా, నీకు సీఈసీ మంచిగుంటది. ఎనక లా చేసి వకీలువైతవు. పుట్టినకాడ్నుంచి నీది వాదించుడే గదా."

"నేనేం వాదిస్తలేను మామా. నువ్వు చెప్పేది తప్పంటున్న, గంతే."

"సూసినవా అక్కా?" అన్నాడు అమ్మ వైపు తిరిగి, కేసు గెలిచినవాడిలా.

ఆయన చేతిలో ఇంకో సాక్ష్యం కూడా ఉంది. తొమ్మిదో తరగతిలో బడికి టీకాల వాళ్లు వచ్చినప్పుడు నేను సూది చూసి పడిపోయాను. పడితే పడ్డాను, నేల మీద పడకుండా నర్సమ్మ మీద పడ్డాను. ఆమె, ఆమె ట్రే, నేను, ముగ్గురం కలిసి బడి గడప దాటాం. ఊళ్లో చాలాకాలం మా ఇంటి గుర్తు అదే. ఎవరైనా దారి అడిగితే, సూదికి పడ్డ పిల్ల ఇల్లా, అటు పో, అనేవాళ్లు.

"సూది జూసి పడ్డది రేపు డాక్టర్ ఎట్ల అయితది బావా?" అని మామ నాన్నను అడిగాడు.

"డాక్టర్ సూది వేస్తది మామా, వేయించుకోదు," అన్నాను నేను.

నాన్న సోషల్ మాస్టారు. బడిలోనే మాటలన్నీ అయిపోయేవి కాబట్టి ఇంటికి ఖాళీగా వచ్చేవాడు.

మధ్యలో సెకండ్ లాంగ్వేజ్ గొడవ కూడా వచ్చింది. సంస్కృతం తీసుకుంటే మార్కులు ఊరికే పడతాయని మామ. కడుపునొప్పి సంస్కృతంలో చెప్పుకునేవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ లేరని నేను. మార్కులు వేసేది కడుపునొప్పివాళ్లు కాదు గదా అని మామ. అది నిజమే కాబట్టి వినపడనట్టు ఊరుకున్నాను.

చివరికి తీర్పు మామే చెప్పాడు. "రేపు ఆదివారం. కోడిని తెండి. కోడలు తన చేత్తోని కోసి, సాపు చేయాలె. పడకపోతే బైపీసీ. పడితే సీఈసీ. మల్ల మాట్లాడుడు లేదు."

"కోడిని కోసినోళ్లందరు డాక్టర్లయితే, సంతల మటన్ కొట్టాయన ఎప్పుడో పెద్దాపరేషన్లు చేస్తుండె," అన్నాను.

"భయపడుతున్నవని చెప్పరాదు?"

ఆ మాట అన్నాక ఇంక కోడి బతికే దారి లేదు.

మా ఇంట్లో కోడిని ఎప్పుడూ పక్కింటాయన కోసేవాడు. ఆ కాసేపు నాన్న లోపలికి పోయి పేపర్ చదువుకునేవాడు. చదవడానికి పేపర్ లేకపోతే పాతది చదివేవాడు. ఆ ఆదివారం మాత్రం ఎందుకో బయటే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొహం కోడికంటే అధ్వాన్నంగా ఉంది. నేను పడకముందే ఆయన పడతాడేమోనని అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

రెక్కలు కాలికింద పెట్టి కోశాను. రక్తం వచ్చింది. నేను నిలబడే ఉన్నాను. ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి కడిగాను. అప్పటికీ నిలబడే ఉన్నాను. మామ మొహం చూసి నాకు హుషారు పుట్టింది. పొట్ట కోసి, పుస్తకంలో ఉన్నవన్నీ పాఠం చెప్పినట్టు చూపించడం మొదలుపెట్టాను.

"ఇది గుండె. ఇవి ఊపిరితిత్తులు, ఎముకలకు అంటుకుని ఉంటయి. ఇది కాలేయం. దీనికింద ఆకుపచ్చగ ఉన్నది పిత్తాశయం."

"చేదు అది. పగులుతది, పైలం," అంది అమ్మ.

"నాకు తెలుసమ్మా. పిత్తాశయంలో పైత్యరసం ఉంటది. అది కొవ్వును..." అంటూ కత్తి మొనతో చూపించాను.

పైత్యరసం బయటికి వచ్చింది. ఆకుపచ్చగా, పుస్తకంలో చెప్పినట్టే, కాలేయం మీద నుంచి కారి మాంసమంతా పాకింది.

ఉప్పేసి కడిగింది అమ్మ. చింతపండు పులుసేసి కడిగింది. కారం రెండింతలు వేసి వండింది. మధ్యాహ్నం అందరం కూర్చున్నాం. మొదటి ముద్ద మామ పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు. మింగాలా వద్దా అని నాన్న వైపు చూశాడు. నాన్న తింటున్నాడు. మామూలుగానే, ముద్ద తర్వాత ముద్ద. కంచంలో ఉన్నదంతా తిన్నాడు. అమ్మ అలవాటుకొద్దీ ఇంకొంచెం వేయబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

"పడలే, సరే. చేదు పగలగొట్టింది గద బావా," అన్నాడు మామ.

"షరతు పడుడు గురించి మామా. కూర గురించి ఎవ్వరన్న మాట్లాడిండ్రా?" అన్నాను.

"ఇను. వకీలు మాటలే."

నాన్న చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, ఆ పూటకు తన వాటా మాటలన్నీ ఒకేసారి వాడేశాడు. "బైపీసీ రాయించు. మందు ఎట్లున్నా మింగాలె గదా."

అట్లా ఖమ్మం పోయాను. సంస్కృతం కూడా తీసుకున్నాను, ఆ సంగతి మామకు నెల తర్వాత చెప్పాను. రెండేళ్లు ఆయన ఇంట్లో తిని చదివాను. ప్రాక్టికల్స్‌లో కప్పను కోసినా, బొద్దింకను కోసినా, రాత్రి అన్నం దగ్గర ఒకటే ప్రశ్న.

"ఇయ్యాల ఏం పగలగొట్టినవే కోడలా?"

ఎంసెట్ మొదటిసారి రాస్తే వచ్చిన ర్యాంకు మామ ఆఫీసులో మీటర్ నంబర్ లాగా ఉంది. మళ్లీ చదివి రెండోసారి రాస్తే కాస్త పొట్టిదయింది గానీ ఎంబీబీఎస్‌కు అందలేదు. సీట్లు ఇచ్చేకాడికి నాన్న, నేను హైదరాబాద్ పోయాం. బల్ల వెనక ఉన్నాయన తలెత్తకుండానే చెప్పాడు. "మెడిసిన్ రాదు. వెటర్నరీ ఉంది, అగ్రికల్చర్ ఉంది. జల్దీ చెప్పమ్మా, ఎనక లైనుంది."

మూడోసారి రాస్తానని చెప్పడానికి నా దగ్గర మంచి మంచి పాయింట్లున్నాయి. బస్సులో వచ్చేటప్పుడే తయారు చేసుకున్నాను. నాన్న వైపు చూశాను. కోడికూర తిన్న రోజు మొహంతోనే నిలబడి ఉన్నాడు. నేను ఏం వడ్డించినా తినడానికి సిద్ధంగా.

"దాంట్ల గూడ డాక్టరనే అంటరా సార్?" అని నాన్నే అడిగాడు బల్ల వెనకాయన్ని.

"అంటరు."

వెటర్నరీ అని చెప్పాను. నేను వాదించకుండా తీసుకున్న నిర్ణయం అదొక్కటే.

మామ ఆ రోజు నుంచీ తన ముందుచూపు గురించి చెప్పుకుంటూనే ఉన్నాడు. కోడిని కోయించింది ఆయనే గదా.

ఉద్యోగం మళ్లీ అడవి పక్కకే వచ్చింది. ఎండాకాలం కొక్కెర తెగులు వస్తే లోపలి ఊళ్ల నుంచి చచ్చిన కోళ్లను గంపల్లో తెచ్చేవాళ్లు. కోసి చూసేదాన్ని. చుట్టూ గొంతుక్కూర్చునేవాళ్లు. నేను ఎన్నాళ్లనుంచో అడిగిన జనం, నోరు మూసుకుని. రోగం గురించి, టీకాల గురించి, రోగమొచ్చిన కోళ్లను దూరంగా కట్టేయడం గురించి మొత్తం చెప్పేదాన్ని. చివరిదాకా వినేవాళ్లు. విన్నాక ఒకామె అడిగేది.

"మరి కూర వండుకోవచ్చా డాక్టరమ్మా?"

"వద్దు. పాతిపెట్టండి."

"ఎందుకు వద్దు? మొన్న తింటే మాకేం గాలే."

ఇంక అక్కడ మొదలయ్యేది. ఒక్కోసారి పొద్దుగూకేదాకా సాగేది. గెలిచిన రోజులు తక్కువ.

ఆ కోళ్లలో ఒక్కదానికి కూడా నా చేతిలో చేదు పగల్లేదు. వాళ్లు నన్ను మెచ్చుకున్నది దానికే.