చెవి ఆనించే మెకానిక్

దుమ్ముగూడెంలో నా దరఖాస్తుల సెంటర్‌కు వచ్చే కంప్యూటర్ మెకానిక్ సాబ్‌ను తలచుకుంటే ముందు ఆయన చెవే గుర్తొస్తుంది. సిస్టమ్‌కు ఏ రోగమొచ్చినా దాని డబ్బాకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, నన్ను ఊపిరి బిగబట్టమనేవాడు.

ఆరోజు సిస్టమ్ నత్తనడక నడుస్తోంది. సర్టిఫికెట్ కోసం కూలి మానుకుని అడవి ఊరి నుంచి వచ్చిన ఒక అక్క పొద్దుటి నుంచి బెంచీ మీదే ఉంది.

చెవి ఆనించి సాబ్ తేల్చేశాడు. "సౌండ్ పని గూడ మదర్‌బోర్డే జేస్తుంది సార్. గందుకే అలిసింది. సౌండ్ కార్డు వేరే పెట్టాలె."

"ఇప్పటి బోర్డులకు అదొక బరువా?" అన్నాను.

"చెవి పెట్టింది మీరా, నేనా?"

కార్డు బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. నడక మాత్రం మారలేదు. టేబుల్ కిందా పైనా వెతికి అక్క అడిగింది: "ఏందన్నా, దీనికి స్పీకర్లే లేవు గదా?"

నిజమే. నేనెప్పుడూ కొననే లేదు.

సాబ్ తొణకలేదు. మళ్లీ చెవి ఆనించి తృప్తిగా తలూపాడు. "ఇనుండ్రి, ఇప్పుడెంత నిమ్మళంగ ఉందో!"

అక్క లేచొచ్చి తనూ చెవి ఆనించింది.

"అవ్ సాబ్, పండుకుంది. నా రేపటి కూలి గూడ పాయె."