మా బాపు వ్యాసం

బోధన్ దారిలో చెరుకు లారీ ఎదురైతే, ఆ పచ్చి తీపి వాసనకు నాకు ఇప్పటికీ ఇంగ్లీషు పరీక్షే గుర్తొస్తుంది.

మెట్రిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇంగ్లీషు వ్యాసాలన్నీ సారు చెబితే రాసుకుని బట్టీ పట్టేవాళ్లం. 'మా నాన్న' ఒక్కటి మాత్రం నేను సొంతంగా రాసి చూపించాను. ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలే మా బాపు, తియ్యటి మొదలు ముక్క నాకిచ్చి చప్పటి కొస తను నమిలేవాడని రాశాను.

సారు మురిసిపోయాడు. మర్నాడు దాన్నే క్లాసంతటికీ చెప్పి రాయించాడు. "గిట్ల రాయాలె! అందరు బట్టీ పట్టుండ్రి."

వారం రోజులు బడి వరండా నిండా మా బాపే. కిరాణా కొట్టు వాళ్ల సుగుణ కూడా కళ్లు మూసుకుని వాళ్ల నాన్న చేత చెరుకు బండి తోలిస్తోంది.

"గది మా బాపు ముచ్చటనే, నువ్వు రాయకు" అన్నాను.

"సారు చెప్పినంక గది అందరిదే" అంది.

పరీక్షలో 'మా నాన్న', 'వానాకాలం' రెంటిలో ఒకటి రాయమని వచ్చింది. బాపు గురించి రాస్తే దిద్దేవాళ్లు నాదీ బట్టీయే అనుకుంటారని, సారు చెప్పిన 'వానాకాలం' రాసి వచ్చాను.

సారు నా మంచికే చేశాడని ఇప్పుడు తెలుసు. అయినా మా క్లాసులో ఆ రోజు మా బాపు గురించి రాయనిది నేనొక్కదాన్నే.