గోరు చెప్పిన మాట

పొద్దుగాల నుంచి నా చుట్టు కూసొని చాయ్ తాగుతున్నరు గదా, పగిలిన కప్పులు అతికిచ్చే మన జహనుమా బస్తీ దస్తగీర్ గురించి ఒక్కరన్న అడిగిన్రా? ఆ మనిషికి కూసునుడే రాదు. చాయ్ గూడ నిలబడే తాగెటోడు. తాగినంక కప్పును గోటితోని కొట్టి చెవి పెట్టెటోడు. మంచిగుంటే ఖంగుమంటది, పగులుంటే బొంగురుపోతది, గోరే చెప్తదనెటోడు. ఒకసారి కాలేజీల చదువు చెప్పే లుబ్నా మేడం అంచు ఊడిన జపాన్ చాయ్ గిన్నె తెచ్చిచ్చింది. దాని ఒంటినిండ సన్నసన్న గీతలు. గోటితోని కొడితే ఖంగుమన్నది. అయినా ఆ గీతలు చూస్తే ఆయనకు కాలు నిలువలే. అంచు అతికిచ్చి, ఆమె అడగకుండనే సున్నం, గుడ్డుసొన కలిపి ఎనిమిది రోజులు ఒక్కొక్క గీత పూడ్చిండు. మేడం వచ్చి చూసి నెత్తి పట్టుకున్నది.

"చాచా, అవి పగుళ్లు కావు. జపానోళ్లు కాల్చేటప్పుడు కావాలనే గట్ల రానిస్తరు. అదే దాని నగిషీ."

నలభై ఏండ్లల ఆయన చేతిపని వాపస్ వచ్చింది గదొక్కటే. నెలరోజులు సూదితోని ఆ సున్నమంత గీకి, గీతలు మళ్ల తేలేదాక చిక్కటి డికాషన్ల నానబెట్టిండు. గిన్నె చేతిల పెట్టుకుంట అన్నడు, "గోరు నిజమే చెప్పింది బేటీ, నేనే ఇనలే."

మొన్న రంజాన్‌కు ముందు పోయిండు. అరవై తొమ్మిదేండ్లు.