బావి కోసం పంపిన తాడు

మా సైన్స్ టీచర్ పోయిన ఆదివారం భూపాలపల్లిలో చనిపోయారు. ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను గూడూరు బస్టాండులో ఉన్నాను. ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్లిపోయింది.

గూడూరు బడిలో ఆమె పాఠాలు సగం ఆరుబయటే జరిగేవి. మేం కబడ్డీ ఆడే చోట అడ్డంగా ఒక బండరాయి ఉండేది. మగపిల్లలు నెట్టి నెట్టి వదిలేశారు. టీచర్ దాని కింద గడ్డపార దూర్చి, దగ్గరగా చిన్న రాయి ఆనించి, తరగతిలో అందరికంటే బక్కదాన్నైన నన్ను పిలిచారు.

"చివరికి పట్టుకో బిడ్డా. గట్ల కాదు, ఇంకా చివరికి."

రాయి లేచింది. "ఇగ కబడ్డీ గూడ గామెనే ఆడుతది" అన్నాడు వెనక నుంచి ఒకడు. టీచర్ నవ్వారు. "రాయి జానెడు లేవనీకి దీని చెయ్యి ఎంత కిందికి దిగిందో చూసిండ్రా? బలం తగ్గితే దూరం పెరుగుతది. ఊరికె ఏదీ రాదు" అన్నారు. ఆ మాట ఆమె ఏ పాఠంలోనైనా ఎక్కడో ఒకచోట అనేవారు.

ఆ ఏడు పత్తి మూట ఎత్తుతూ మా యాడి భుజం పట్టేసింది. మా తండాలో అమ్మను యాడి అంటాం. బావిలో చేద వేసి నీళ్లు తోడడం ఇక ఆమె వల్ల కాలేదు. "బడి బంద్ చెయ్. నీళ్లకు ఎవరు పోవాలె?" అన్నాడు బాపు. మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. మానేస్తే ఎందుకని అడిగేవాళ్లు కూడా ఉండరు.

టీచర్ అడిగారు. సెలవు రోజున రెండు గిరకలు పట్టుకుని తండాకు వచ్చారు. ఒకటి బావి మీది దూలానికి, ఒకటి చేదకు. తాడు ఒక కొస దూలానికే కట్టి, చేద గిరక కింది నుంచి, పై గిరక మీది నుంచి తెస్తే చేతికి సగం బరువే తగులుతుంది. కానీ రెండింతల తాడు కావాలి. మా తండాలో ఎవరి తాడు వాళ్లదే. నీళ్లు తోడాక చుట్టి ఇంటికి తీసుకుపోతారు. కట్టెల మోపుకూ, గడ్డి కట్టకూ అదే. అందుకని ఆడవాళ్లు రెండు తాళ్లను ముడివేసి ఇచ్చారు. చేద సగం దాకా వచ్చింది. ముడి పై గిరకలో ఇరుక్కుంది. ఎటూ కదలదు.

"ఏంది టీచరమ్మా, నీళ్లను గాలిల దాస్తున్నవా?" అంది పక్కింటి అవ్వ. అందరూ నవ్వారు. "ముడి సంగతి నేనే మర్చిపోయిన అవ్వా" అని టీచర్ కూడా నవ్వారు. యాడి నవ్వలేదు.

ఆ వారంలోనే టీచర్‌కు భూపాలపల్లికి బదిలీ అయింది. "తాడు నేను పంపిస్త. అందాక జర పిల్లను ఆపకుండ్రి అన్నా" అని బాపుకు చెప్పి వెళ్లారు. బాపు ఆగాడు. కొద్దిరోజులకు బస్సులో ఒక కట్ట వచ్చింది. ముడి లేని పొడవైన తాడు.

"గిది ఎవరిది? పొద్దుమూకినంక ఎవరింటికి పోవాలె?" అని అవ్వ పేచీ పెట్టింది. ఫోన్ చేసి టీచర్‌నే అడిగాను.

"ఎవరిదీ కాదు. బాయిది. అక్కడ్నే ఉండనియ్యి."

అలా మా తండాలో మొదటిసారి ఒక తాడు బావి దగ్గరే ఉండిపోయింది. యాడి మెల్లగా తోడుకునేది. నేను బడికి పోయాను, తర్వాత మహబూబాబాద్‌లో కాలేజీకి.

"మీ యాడి ఎట్ల తోడుతున్నదో ఒక్కసారి వచ్చి చూడాలె" అని టీచర్ ఫోన్‌లో అంటూనే ఉండేవారు. "రాండ్రి టీచర్" అనేదాన్ని. ఒకసారి పరీక్షలు అడ్డం వచ్చాయి, తర్వాత ఆమె మోకాళ్లు, తర్వాత దవాఖాన. ఇంతలో మాకు నల్లాలు వచ్చాయి. బావి మీద ఇనుప జాలి వేశారు. నల్లాలు రావడం మంచిదే. కానీ ఆమె చూడకుండానే ఆ పని ముగిసిపోయింది. తన కళ్లతో ఆమె చూసింది ఇరుక్కున్న ముడిని మాత్రమే. ఆ బాధ నన్ను వదలడం లేదు.

యాడిని తీసుకుని భూపాలపల్లి వెళ్లాను. "అమ్మ మీ ముచ్చట ఎప్పుడూ చెప్పేది" అంది టీచర్ కూతురు. యాడికి తెలుగు సరిగా రాదు. టీచర్ ఫొటో ముందుకు వెళ్లి, కాళ్లు కాస్త ఎడం చేసి నిలబడి, పట్టేసిన ఆ భుజం లేచినంత మేర చేతులు పైకి చాచింది. లేని తాడును ఒక చేతి తర్వాత ఒక చేత్తో కిందికి లాగడం మొదలుపెట్టింది. కూర్చున్నవాళ్లు ఇటు తిరిగి చూశారు. నిండు చేద పైకి వచ్చేదాకా లాగింది. రెండింతల తాడు కదా, చాలాసేపే పట్టింది.